సిగ్నల్ ఎవరికి, చర్య ఎప్పుడు: కెర్నెల్‌లో సిగ్నళ్లు, థ్రెడ్ల నిర్వహణ

కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములకూ, వాటి కింద ఉన్న యంత్రానికీ మధ్య నిలిచి, ప్రాసెసర్ సమయాన్నీ మెమరీనీ పరికరాలనూ పంచిపెట్టే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. నడుస్తున్న ప్రోగ్రాముకు, అది అడగకపోయినా, ఏ క్షణంలోనైనా కెర్నెల్ చేరవేయగల చిన్న సూచన సిగ్నల్. వాడుకరి కంట్రోల్-సి నొక్కాడని గాని, పెట్టుకున్న అలారం గడువు తీరిందని గాని, తనది కాని మెమరీని ముట్టిందని గాని, ఇక ఆగిపోవాలని గాని ప్రోగ్రాముకు తెలియజేయడానికి యూనిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ దీన్నే వాడతాయి. ఇక థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీని పంచుకుంటూ, పక్కపక్కనే సాగే అనేక అమలు ధారల్లో ఒకటి. విడిగా చూస్తే రెండూ కష్టమైన భావనలు కావు. రెండూ కలిసిన చోట మాత్రం, వచ్చిన సూచన ఎవరికి చెందుతుంది, దాని మీద చర్య ఎప్పుడు జరగాలి అనే రెండు ప్రశ్నలు పుట్టి, కెర్నెల్ రచనలోని అత్యంత మొండి లోపాలకు మూలమయ్యాయి.

డెనిస్ రిచీ (1941–2011) స్మృతికి అంకితమైన ప్రసంగంలో ఈ విషయాన్ని చర్చించడం సముచితమే. కెన్ థాంప్సన్‌తో కలిసి బెల్ ల్యాబ్స్‌లో 1969 నుంచి ఆయన రూపొందించిన యూనిక్స్‌లోనే ఈ సిగ్నళ్లు పుట్టాయి. 1971 నాటి మొదటి కూర్పులో అంతరాయాలను పట్టుకోవడానికి వేర్వేరు సిస్టమ్ కాల్స్, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ను సేవ కోరే పిలుపులు, ఉండేవి. 1973 నాటి నాలుగో కూర్పు వాటన్నిటినీ సిగ్నల్ అనే ఒక్క కాల్‌లోకి చేర్చింది. రిచీ, థాంప్సన్‌లు 1974లో ప్రచురించిన సుప్రసిద్ధ వ్యాసం వర్ణించిన ప్రాసెస్‌కు, అంటే అమల్లో ఉన్న ప్రోగ్రాముకు, ఒక్కటే అమలు ధార కాబట్టి, సిగ్నల్ ఎవరికన్న ప్రశ్న అప్పట్లో తలెత్తలేదు. ఎప్పుడన్న ప్రశ్న మాత్రం మొదటినుంచీ ఉంది. దానికి దొరికిన జవాబుల్లో కాలానికి తట్టుకుని నిలిచినవన్నీ ఒకే బాటలో నడిచాయి: సిగ్నల్ వచ్చిందని రాసిపెట్టుకోవడం ఒక పని, దాని మీద చర్య తీసుకోవడం మరొక పని అని గుర్తించి, మొదటిదాన్ని తక్షణం చేసి, రెండోదాన్ని అది క్షేమంగా జరగగల చోటికి వాయిదా వేశాయి. ఈ రెంటినీ కలగలిపిన రూపకల్పనలు ఎక్కడ ఎలా విరిగాయో, ఎలా అతికించవలసి వచ్చిందో చూపడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

1979 నాటి ఏడో కూర్పు యూనిక్స్‌లో ప్రోగ్రాము ఒక సిగ్నల్‌కు హ్యాండ్లర్‌ను, అంటే ఆ సిగ్నల్ వచ్చినప్పుడు పిలవవలసిన ఫంక్షన్‌ను, నమోదు చేసుకునేది. సిగ్నల్ అందిన మరుక్షణం ఆ నమోదు చెరిగిపోయి, చాలా సిగ్నళ్లకు మరణమే అయిన సహజ చర్య మళ్లీ అమల్లోకి వచ్చేది. కావాలంటే హ్యాండ్లర్ తన మొదటి వాక్యంలోనే తనను తాను తిరిగి నమోదు చేసుకోవాలి. చెరగడానికీ తిరిగి రాయడానికీ మధ్య ఉన్న అతి చిన్న వ్యవధిలో అదే సిగ్నల్ రెండోసారి వస్తే, ఏ సిగ్నల్‌ను పట్టుకోవడానికి ప్రోగ్రాము అంత ఏర్పాటు చేసుకుందో ఆ సిగ్నలే దాన్ని చంపేది. రెండు సంఘటనల్లో ఏది ముందు జరిగితే ఏమవుతుందో అనే అనిశ్చితి మీద ఫలితం ఆధారపడే ఇలాంటి లోపాన్ని రేస్ అంటారు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 4.2బీఎస్‌డీ ఈ నమోదు చెరగకుండా కాపాడి, హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ అదే సిగ్నల్‌ను ఆపి ఉంచే మాస్క్‌ను ప్రవేశపెట్టింది. 1988లో పోజిక్స్ ప్రమాణం దాన్ని అందరికీ ఉమ్మడి నియమంగా స్థిరపరిచింది. మాస్క్ ఉన్నప్పుడు వచ్చిన సిగ్నల్ పోదు. పెండింగ్ అనే జాబితాలో ఒక బిట్‌గా నిలిచి, మాస్క్ తీసినప్పుడు అందుతుంది. బిట్ కాబట్టి లెక్క ఉండదు: ఆపి ఉంచిన కాలంలో ఒకే మామూలు సిగ్నల్ పదిసార్లు వచ్చినా ఒక్కసారే అందుతుంది. దీన్ని చాలామంది లోపంగా భావిస్తారు గాని, సిగ్నల్ అనేది సమాచారం కాదు, వెళ్లి చూసుకొమ్మని చేసే హెచ్చరిక మాత్రమేనన్న నిజాయితీ ఈ ఒక్క బిట్‌లో ఉంది.

ఎప్పుడన్న ప్రశ్నకు మరో కోణం సిస్టమ్ కాల్ మధ్యలో ఉన్నప్పుడు వచ్చే సిగ్నల్. టెర్మినల్ నుంచి అక్షరం కోసం కెర్నెల్ లోపల ఎదురుచూస్తున్న ప్రోగ్రాముకు అలారం వస్తే, హ్యాండ్లర్ ప్రోగ్రాము వైపున నడవాలి గనుక, సగంలో ఉన్న సిస్టమ్ కాల్‌ను ఏదో ఒకటి చేయక తప్పదు. రిచర్డ్ గేబ్రియల్ 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ సమస్యనే రెండు రూపకల్పనా సంప్రదాయాల మధ్య భేదానికి ఉదాహరణగా తీసుకున్నాడు. ఎంఐటీలో రూపొందిన ఐటీఎస్ అనే వ్యవస్థ, జరిగిన పనిని వెనక్కు తిప్పి, ప్రోగ్రామును సిస్టమ్ కాల్ చేయబోయే ముందున్న స్థితికి చేర్చేది; యూనిక్స్ మాత్రం అంతరాయం కలిగిందని తప్పు సంఖ్యను తిరిగి ఇచ్చి, మళ్లీ ప్రయత్నించే బాధ్యతను ప్రోగ్రాము రాసేవారికే వదిలింది. ఈ సరళత యూనిక్స్ వ్యాప్తికి తోడ్పడిందన్న గేబ్రియల్ వాదన ప్రసిద్ధమే. ఆ తర్వాతి కథ అంత ప్రసిద్ధం కాదు: యూనిక్స్ సంతతి క్రమంగా ఐటీఎస్ మార్గానికే వచ్చింది.

నేటి లినక్స్‌లో ఆ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడడం మేలు. నిద్రలో ఉన్న సిస్టమ్ కాల్ సిగ్నల్ వల్ల మేల్కొంటే, ప్రోగ్రాముకు ఎన్నడూ కనిపించని ఒక అంతర్గత సంఖ్యను కెర్నెల్‌లోనే తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాములోకి తిరిగి అడుగుపెట్టే గడప దగ్గర సిగ్నళ్లను పరిశీలించే భాగం ఆ సంఖ్యను చూసి, హ్యాండ్లర్‌ను నమోదు చేసినవారు పునఃప్రారంభాన్ని కోరి ఉంటే, ప్రాసెసర్ తర్వాత అమలు చేయవలసిన ఆదేశపు చిరునామాను వెనక్కు జరుపుతుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో సిస్టమ్ కాల్ ఆదేశం పొడవు సరిగ్గా 2 బైట్లు కావడంతో చిరునామాలోంచి 2 తీసివేస్తే చాలు. హ్యాండ్లర్ ముగిసి తిరిగి రాగానే ప్రోగ్రాము, తనకు తెలియకుండానే, అదే కాల్‌ను మళ్లీ చేస్తుంది. అయితే ఐదు సెకన్లు నిద్రపోతానన్న కాల్‌ను మొదటినుంచి మళ్లీ మొదలుపెడితే నిద్ర సాగుతూనే పోతుంది కాబట్టి, అలాంటి వాటికి మేల్కొనవలసిన అసలు సమయాన్ని రాసిపెట్టుకుని అక్కడినుంచి కొనసాగే ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఇక్కడ కూడా కెర్నెల్ సిగ్నల్ వచ్చిన క్షణంలో ఏమీ చేయలేదు. ప్రోగ్రాములోకి తిరిగి వెళ్లే గడప దాకా ఆగింది.

ఈ సూత్రం అతి స్పష్టంగా కనిపించేది ఎంఐటీ 2006లో బోధన కోసం, ఆరో కూర్పు యూనిక్స్‌ను అనుసరించి, తయారుచేసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో. ఒక ప్రాసెస్‌ను చంపమని అడిగినప్పుడు అందులోని కిల్ ఫంక్షన్ ఎవరినీ చంపదు. ఆ ప్రాసెస్ పత్రంలో చంపబడింది అన్న గుర్తు పెట్టి, అది నిద్రలో ఉంటే లేపి, తిరిగి వెళ్లిపోతుంది. మరణం ఆ ప్రాసెస్ తనంతట తానుగా కెర్నెల్ గడప దాటే వేళ గుర్తును చూసుకున్నప్పుడు జరుగుతుంది. కారణం సులభం: వేరొక ప్రాసెసర్ మీద నడుస్తున్న ప్రాసెస్ ఆ క్షణంలో ఏ లాక్‌ను, అంటే ఉమ్మడి పట్టికను ఒకేసారి ఒక్కరే మార్చేలా కాపాడే తాళాన్ని, పట్టుకుని ఉందో, ఏ పట్టికను సగం మార్చి ఉందో బయటివారికి తెలియదు, దాన్ని అక్కడికక్కడే తుంచేస్తే ఆ లాక్ ఎప్పటికీ విడుదల కాదు, ఆ పట్టిక ఎప్పటికీ సగంలోనే ఉంటుంది. జావా భాషలో థ్రెడ్‌ను బలవంతంగా ఆపే స్టాప్ అనే సాధనాన్ని 1998లోనే వాడవద్దని ప్రకటించవలసి వచ్చింది కూడా ఇందుకే. ఎక్స్‌వీ6లో పైప్ నుంచి, అంటే ఒక ప్రాసెస్ రాసినదాన్ని మరొకటి చదువుకునే గొట్టం నుంచి, చదివేందుకు వేచి ఉన్న ప్రాసెస్ తన మీది గుర్తును చూసి వెనుదిరుగుతుంది. డిస్కు కోసం వేచి ఉన్నది చూడదు, ఫైల్ సిస్టమ్‌లో మొదలుపెట్టిన మార్పును మధ్యలో వదిలితే మొత్తం చెడుతుంది కనుక.

అదే ఎక్స్‌వీ6 కోడ్‌లో ఒక రేస్ మిగిలే ఉందని దాని పాఠ్యగ్రంథమే చెబుతుంది. ప్రాసెస్ తన మీద గుర్తు లేదని చూసుకుని నిద్రకు ఉపక్రమించబోయే ముందు, ఆ రెంటి మధ్య సందులో, మరొక ప్రాసెసర్ నుంచి కిల్ వచ్చి గుర్తు పెడుతుంది. ప్రాసెస్ ఇంకా నిద్రపోలేదు కనుక లేపవలసిన అవసరం దానికి కనిపించదు. ఆ వెంటనే ప్రాసెస్ నిద్రలోకి జారుకుంటుంది. గుర్తు ఉంది, లేపేవారు లేరు. దీన్ని చేజారిన మేల్కొలుపు అనవచ్చు; థ్రెడ్ల ప్రపంచంలో హ్యాంగ్ అవడమని వాడుకరులు ఫిర్యాదు చేసేవాటిలో గణనీయమైన భాగం ఈ జాతికి చెందినవే. లినక్స్ దీనికి కనుగొన్న మందు కేవలం క్రమాన్ని తిరగవేయడం. నిద్రపోదలచిన థ్రెడ్ ముందుగా తన స్థితిని నిద్రగా ప్రకటించుకుంటుంది, ఆ తర్వాతే తాను ఎదురుచూసే సంగతి జరిగిందేమోనని, సిగ్నల్ ఏదైనా వచ్చిందేమోనని చూస్తుంది, రెండూ లేకపోతేనే ప్రాసెసర్‌ను వదులుకుంటుంది. ప్రకటనకూ వదులుకోవడానికీ మధ్య ఎవరైనా లేపితే స్థితి తిరిగి మెలకువగా మారుతుంది కాబట్టి, ప్రాసెసర్‌ను వదులుకునే ఫంక్షన్ దాన్ని నిద్రపుచ్చదు. పైగా ఆ ఫంక్షన్ తానే మరోసారి సిగ్నల్ కోసం చూస్తుంది. ప్రాసెసర్లు మెమరీ మీది రాతలనూ చదువులనూ తమ వీలును బట్టి ముందువెనుకలు చేస్తాయి కనుక, స్థితిని రాయడానికీ పరీక్షను చదవడానికీ మధ్య మెమరీ బ్యారియర్ అనే ఆదేశాన్ని కూడా ఉంచాలి. ఇది మరిచిపోయిన కోడ్ ఏళ్ల తరబడి పనిచేసి, కొత్త ప్రాసెసర్ మీద ఒకనాడు ఆగిపోతుంది.

అన్ని నిద్రలూ సిగ్నల్‌కు మేల్కొనవలసినవి కావు. డిస్కు వంటి పరికరాల కోసం లినక్స్ సిగ్నళ్లకు చెవి ఇవ్వని నిద్రను వాడుతుంది. పీఎస్ ఆదేశం ఫలితంలో డి అక్షరంతో కనిపించి, ఎంత చంపినా చావని ప్రాసెస్‌లుగా సిస్టమ్ నిర్వాహకులకు ఇవి చిరపరిచితాలు. నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లను అందించే సర్వర్ ఆగిపోయినప్పుడు ఇలాంటివి పదుల కొద్దీ పేరుకుపోయేవి. 2008లో వచ్చిన 2.6.25 కెర్నెల్, ప్రాణాంతక సిగ్నళ్లకు మాత్రమే మేల్కొనే మూడో రకం నిద్రను చేర్చింది. దీని వెనుక ఉన్న ఆలోచన మెచ్చదగినది: ప్రోగ్రాము ఎలాగూ చనిపోబోతోంది కాబట్టి, సగంలో ఆగిన కాల్ ఫలితాన్ని అది చూసే ప్రసక్తి లేదు, అందువల్ల పాత ప్రోగ్రాములేవీ ఎదురుచూడని అంతరాయాన్ని కొత్తగా ఎదుర్కొనవలసిన పని లేదు.

ఇక ఎవరికన్న ప్రశ్న. ఉమ్మడి కుటుంబం చిరునామాకు వచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో ఎవరు అందుకున్నా సరిపోతుంది గాని, ఫలానా వ్యక్తి పేరిట వచ్చిన ఉత్తరం వారికే చేరాలి. 1995లో ఆమోదం పొందిన పోజిక్స్ థ్రెడ్ల ప్రమాణం సిగ్నళ్లకు ఈ రెండు రకాల చిరునామాలనూ ఇచ్చింది. ప్రాసెస్‌కు పంపిన సిగ్నల్‌ను, దాన్ని మాస్క్ చేయని థ్రెడ్‌లలో ఏదో ఒకటి అందుకోవాలి. మాస్క్ ప్రతి థ్రెడ్‌కూ వేరు, హ్యాండ్లర్ల పట్టిక మాత్రం అందరికీ ఉమ్మడి. ఆగిపొమ్మన్నా, చావమన్నా, ఆ ఆజ్ఞ ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటికీ వర్తించాలి. 1996లో జేవియర్ లెరోయ్ రాసిన లినక్స్‌థ్రెడ్స్ లైబ్రరీ నాటి కెర్నెల్ ఇచ్చిన సాధనాలతో చేయగలిగినంతా చేసింది గాని, కెర్నెల్ దృష్టిలో ప్రతి థ్రెడ్ ఒక వేరు ప్రాసెసే. ఒకే ప్రోగ్రాములోని థ్రెడ్లు తమ ప్రాసెస్ సంఖ్య ఎంతని అడిగితే తలా ఒక సంఖ్య వచ్చేది; ప్రాసెస్‌కని పంపిన సిగ్నల్ ఆ సంఖ్య గల ఒక్క థ్రెడ్‌కే చేరి, అది మాస్క్ చేసి ఉంటే, ఖాళీగా ఉన్న మిగతా థ్రెడ్లు ఎన్ని ఉన్నా, అక్కడే పడి ఉండేది. లైబ్రరీ తన సొంత అవసరాల కోసం సిగ్నళ్లనే వాడుకోవడంతో, పాత కెర్నెళ్ల మీద ప్రోగ్రాములకు చెందవలసిన రెండు సిగ్నళ్లు వాటికి దక్కకుండా పోయాయి.

అసలు మరమ్మతు 2002లో మొదలైంది. రెడ్ హ్యాట్‌కు చెందిన ఉల్‌రిక్ డ్రెపర్, ఇంగో మోల్నార్‌లు ఎన్‌పీటీఎల్ అనే కొత్త థ్రెడ్ లైబ్రరీని, దానికి కావలసిన కెర్నెల్ మార్పులనూ కలిపి రూపొందించారు. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నెల్‌తో అవి అందరికీ చేరాయి. ఐఏ-32 యంత్రం మీద లక్ష థ్రెడ్లను ప్రారంభించడానికి అంతకు ముందు 15 నిమిషాలు పట్టేచోట 2 సెకన్లు పట్టిందన్న సంఖ్యే అప్పట్లో అందరి నోటా వినిపించింది. కాని వేగం కంటే, సిగ్నళ్ల విషయంలో వచ్చిన నిర్దుష్టతే ఆ పనికి అసలైన విలువ. ప్రతి థ్రెడ్‌కు సొంత పెండింగ్ జాబితా ఒకటి, థ్రెడ్ల సమూహమంతటికీ ఉమ్మడి పెండింగ్ జాబితా ఒకటి ఏర్పడ్డాయి. రెంటినీ ఒకే లాక్ కాపాడుతుంది. ఉమ్మడి సిగ్నల్ వచ్చినప్పుడు కెర్నెల్ దాన్ని ఉమ్మడి జాబితాలో రాసి, మాస్క్ చేయనిది, చనిపోతూ ఉండనిది అయిన థ్రెడ్‌ను వెతుకుతుంది. ముందు ప్రధాన థ్రెడ్‌ను, అది వీలుకాకపోతే మిగతావాటిని వరుసగా చూసి, దొరికినదాన్ని లేపుతుంది. ఎవరూ దొరకకపోతే లేపడం మానేస్తుంది, అంతే. సిగ్నల్ ఉమ్మడి జాబితాలోనే ఉంటుంది కనుక, ఆ తర్వాత మాస్క్ తీసిన ఏ థ్రెడ్ అయినా దాన్ని అందుకోగలదు. ప్రాణాంతకమైన సిగ్నల్ అయితే సమూహమంతా నిష్క్రమిస్తోందని గుర్తు పెట్టి, ప్రతి థ్రెడ్ జాబితాలోనూ సిగ్‌కిల్ అనే, మాస్క్‌కు లొంగని మరణ సిగ్నల్‌ను రాసి, అన్నిటినీ లేపుతుంది. చావడం మాత్రం ప్రతి థ్రెడ్ తన గడప దగ్గర తానే చేసుకోవాలి.

అదే కాలంలో ఎక్కువ థ్రెడ్లను తక్కువ కెర్నెల్ థ్రెడ్ల మీద నడిపే పద్ధతికి కూడా గట్టి మద్దతు ఉండేది. ఆ పద్ధతిలో కెర్నెల్‌కు ప్రోగ్రాము థ్రెడ్లు కనిపించవు కాబట్టి ఏ థ్రెడ్ ఏ సిగ్నల్‌ను మాస్క్ చేసిందో దానికి తెలియదు. సిగ్నల్‌ను మళ్లీ లైబ్రరీ మోసుకెళ్లి అందించాలి. సొలారిస్ 2002లో 9వ కూర్పుతో, ఫ్రీబీఎస్‌డీ 2008లో 7.0తో ఒక థ్రెడ్‌కు ఒక కెర్నెల్ థ్రెడ్ అన్న సరళ పద్ధతికే మారాయి.

థ్రెడ్లు పుడుతూ చస్తూ ఉంటాయి గనుక చిరునామా కూడా నమ్మదగినది కాదు. ఒక థ్రెడ్ చనిపోయాక దాని సంఖ్య మరో ప్రోగ్రాములోని కొత్త థ్రెడ్‌కు దక్కవచ్చు. అప్పుడు పాత సంఖ్యకు పంపిన సిగ్నల్ అపరిచితులకు చేరుతుంది. సమూహ సంఖ్య, థ్రెడ్ సంఖ్య రెండూ ఇవ్వమని అడిగే టీజీకిల్ అనే కాల్ ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించింది. కెర్నెల్ లోపల కూడా ఇదే చిక్కు ఉంది: సిగ్నల్ పంపేవారు లాక్ పట్టుకునేలోపే గ్రహీత చనిపోతే ఆ లాక్ ఉన్న పత్రమే మాయమవుతుంది. అందుకని పంపే కోడ్ ఆ పత్రం చిరునామాను చదివి, దాని లాక్ పట్టుకుని, ఆ చిరునామా ఇంకా అదేనా అని మళ్లీ చదువుతుంది. మారి ఉంటే మొదటికి వస్తుంది. చదివే తీరిక ఉన్న విద్యార్థికి ఈ నాలుగైదు పంక్తులు ఒక పూర్తి పాఠంతో సమానం.

కెర్నెల్ ఎంత సరిగ్గా అందించినా, హ్యాండ్లర్‌లో ఏం చేయవచ్చన్న ప్రశ్న ప్రోగ్రాము రాసేవారికి మిగులుతుంది. మెమరీ కేటాయించే మాలక్ ఫంక్షన్ తన పట్టికలను సగం మార్చి ఉన్నప్పుడు సిగ్నల్ వచ్చి, హ్యాండ్లర్ కూడా మాలక్‌నే పిలిస్తే, అది తన లాక్ కోసం తానే శాశ్వతంగా ఎదురుచూడవచ్చు, లేదా చెడిన పట్టిక మీద పని మొదలుపెట్టవచ్చు. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో 2024 జూలై 1న వెల్లడైన లోపం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. సర్వర్‌లో లాగిన్ గడువు, సహజంగా 120 సెకన్లు, తీరినప్పుడు వచ్చే అలారం సిగ్నల్ హ్యాండ్లర్ లాగ్‌లో రాసే సిస్‌లాగ్ ఫంక్షన్‌ను పిలిచేది. గ్నూ సి లైబ్రరీలో ఆ ఫంక్షన్ లోపల మాలక్ ఉంది. ఆ సందును గురిచూసి వేల ప్రయత్నాలు చేసిన దాడిదారు సర్వర్ మీద సంపూర్ణ అధికారం పొందగలడని క్వాలిస్ సంస్థ పరిశోధకులు 32-బిట్ లినక్స్ మీద నిరూపించారు. ఇదే లోపాన్ని 2006లో ఒకసారి సరిచేశారు; 2021లో విడుదలైన 8.5 కూర్పులో అది పొరపాటున తిరిగి ప్రవేశించింది. చివరకు చేసిన మరమ్మతులో హ్యాండ్లర్ లాగ్ జోలికి పోకుండా ఒక నిర్ణీత సంఖ్యతో ప్రాసెస్‌ను ముగిస్తుంది. లాగ్ రాయడం, మిగతా పనులు, ఆ సంఖ్యను చూసిన మాతృ ప్రాసెస్ తన మామూలు వరుసలో చేసుకుంటుంది.

హ్యాండ్లర్లనే వదిలించుకునే మార్గాన్ని కెర్నెల్ 2007లో 2.6.22తో ఇచ్చింది: సిగ్నల్‌ఎఫ్‌డీ అనే కాల్‌తో సిగ్నళ్లను ఫైల్‌లాగా తెరిచి, ప్రోగ్రాము తనకు వీలైనప్పుడు చదువుకోవచ్చు. 2019 నాటి 5.1 కెర్నెల్ ప్రాసెస్‌ను సంఖ్యతో కాక, సంఖ్య మరొకరికి పోయినా మారని పట్టుతో గుర్తించి సిగ్నల్ పంపే వీలు కల్పించింది. ఈ రెండూ కలిస్తే కొత్తగా రాసే ప్రోగ్రాములో పాత పద్ధతి హ్యాండ్లర్ల అవసరం చాలావరకు తీరిపోతుంది.

తీరనిది ఒకటి ఉంది. వాడుకరి గుర్తింపు, అంటే ప్రోగ్రాము ఎవరి అధికారంతో నడుస్తోందన్నది, ప్రాసెస్ మొత్తానికి ఉమ్మడి అని పోజిక్స్ చెబుతుంది; లినక్స్ కెర్నెల్ దాన్ని ఇప్పటికీ ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఉంచుతుంది. కాబట్టి ఒక థ్రెడ్ తన అధికారాన్ని తగ్గించుకోదలిస్తే, సి లైబ్రరీ మిగతా థ్రెడ్లన్నిటికీ రహస్యంగా ఒక అంతర్గత సిగ్నల్ పంపి, వాటి చేత కూడా అదే కాల్ చేయించి, అందరూ పూర్తిచేసేదాకా ఆగవలసి వస్తోంది. సి లైబ్రరీ మీద ఆధారపడక సొంతంగా థ్రెడ్లను పుట్టించే గో భాష, ఈ పని క్షేమంగా చేయలేక, 2014 నాటి 1.4 కూర్పులో లినక్స్ మీద ఆ సౌకర్యాన్నే నిలిపివేసి, 2021 నాటి 1.16లో గాని తిరిగి ఇవ్వలేకపోయింది. థ్రెడ్లన్నిటినీ ఒకేసారి చూడగలది కెర్నెల్ ఒక్కటే అయినప్పుడు, ఈ మార్పును కెర్నెల్‌లోనే ఒక లాక్ కింద చేయడం న్యాయం. ప్రతి భాషా ప్రతి లైబ్రరీ విడివిడిగా సిగ్నళ్లతో ఈ పని నెట్టుకురావడం న్యాయం కాదు.